ఐదు శ్రుతిలో పలికే కరెంటు

పెద్దపల్లిలో ఏ పెండ్లి బారాత్ అయినా ఒక పాట దగ్గర కాసేపు ఆగుతుంది. బ్యాండువాళ్ళు నాగిని బాణీ ఎత్తుకోగానే, అప్పటిదాకా ఓ పక్కన నిలబడ్డ పెండ్లికొడుకు బావమరిది దస్తీ కొసను పళ్ళ మధ్య పట్టి పాములవాడవుతాడు. ఎదురుగా ఇంకొకరు రెండు చేతులు కలిపి పడగ విప్పుతారు. ఆ బాణీ 1954లో వచ్చిన హిందీ సినిమా ‘నాగిన్’లోనిది, సంగీతం హేమంత్ కుమార్‌ది. విన్నవాళ్ళు దాన్ని పాములవాడి బూర అనే అనుకున్నారు. నిజానికి అందులో బూర లేదు, ఊదినవాళ్ళూ లేరు. క్లావియోలిన్ అనే చిన్న కరెంటు వాద్యం మీద కల్యాణ్‌జీ వాయించిన స్వరం అది. తర్వాతి కాలంలో కల్యాణ్‌జీ - ఆనంద్‌జీ జంటగా పేరు తెచ్చుకున్నది ఆయనే. ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో ఆ వాద్యాన్ని రూపొందించాడు. హార్మోనియంలాంటి మెట్లు, వాటి వెనుక ఎర్రగా వెలిగే కొన్ని గాజు వాల్వులు, ఒక స్పీకరు పెట్టె. అంతే దాని సరంజామా. ఒకసారికి ఒక్క స్వరమే పలికేది.

ఆ కుటుంబంలో క్లావియోలిన్ పసిబిడ్డ. దాని అన్నలు, తాతలు వందల వాల్వులతో, నిలువెత్తు చెక్క పెట్టెలతో, ఒక్క మనిషి కదపలేనంత బరువుతో 1930ల నుంచి 1960ల దాకా పుట్టాయి. వాటిని వాల్వు ఆర్గాన్లు అంటాం. ట్రాన్సిస్టర్లు వచ్చాక వాటి తయారీ ఆగింది. అటకల మీదా చర్చి మూలల్లోనూ మిగిలిపోయిన వాటిని దించి, దుమ్ము దులిపి, మళ్ళీ పలికించడం ఇప్పుడు ప్రపంచంలో చాలామందికి ఇష్టమైన వ్యాపకం. మన దగ్గర ఈ విద్యకు తొలిమెట్టు వాల్వు రేడియో. లోపలి శాస్త్రం రెండింటికీ ఒకటే. అటక మీది రేడియోను బాగుచేస్తూ ఈ లోకంలోకి అడుగుపెట్టినవాణ్ణి నేను. ఆ పాత పెట్టె నాకు ముందుగా నేర్పిన సంగతి, కరెంటుకు కూడా ఒక శ్రుతి ఉంటుందని. ఆ శ్రుతి పుట్టే చోటు మా జిల్లాలోనే ఉంది.

కాలువ తూము, గాజు బుడ్డి

వాల్వు అనగానే నీళ్ళ పైపు గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు, పేరు అక్కడి నుంచే వచ్చింది. 1880ల్లో ఎడిసన్ తన బల్బులో ఒక వింత గమనించాడు. వేడెక్కిన దారానికీ, దానికి దూరంగా పెట్టిన లోహపు రేకుకూ మధ్య ఏ తీగా లేకున్నా కరెంటు పారుతోంది. వేడికి లోహంలోంచి ఎలక్ట్రాన్లు పైకి ఎగురుతాయి, ఎదురుగా ధన విద్యుత్ ఉన్న రేకు వాటిని లాక్కుంటుంది. రేకు నుంచి వెనక్కి మాత్రం రావు, ఎందుకంటే అది చల్లగా ఉంది. ఒకే దిక్కుకు దారిచ్చే ఈ గుణాన్ని వాడుకొని 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ డయోడ్ వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్య సన్నటి తీగ జల్లెడ ఒకటి పెట్టాడు. అదే గ్రిడ్. ఎలక్ట్రానిక్స్‌కు అసలైన పుట్టుక అక్కడే.

గ్రిడ్ చేసే పనిని ఎస్సారెస్పీ కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఒక్క మాటలో చెప్పొచ్చు. అది తూము షట్టరు. కాలువలో నీళ్ళ ఒత్తిడి ఎంతో ఉంటుంది, షట్టరు తిప్పడానికి మాత్రం ఒక్క చేయి చాలు. చేయి కొంచెం కదిలితే పొలానికి పారే నీరు ఎంతో మారుతుంది. వాల్వులో రేకు మీద 250 వోల్టుల ఒత్తిడి ఉంటుంది. గ్రిడ్ మీద ఒకటి రెండు వోల్టులు అటూ ఇటూ ఐతే చాలు, ఎలక్ట్రాన్ల పారకం ఆ లెక్కనే పెరిగి తగ్గుతుంది. చిన్న కదలిక పెద్ద కదలికగా మారడమే యాంప్లిఫికేషన్. రేడియో, ఆర్గాన్, గ్రామఫోను యాంప్లిఫయర్ అన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి.

వాల్వు ఒంటి మీద అచ్చువేసిన పేరు కూడా చదవడం నేర్చుకుంటే సరదాగా ఉంటుంది. ఈసీసీ83 అంటే: ‘ఈ’ అన్నందుకు దారానికి 6.3 వోల్టులు ఇవ్వాలి, రెండు ‘సీ’లు ఉన్నందుకు ఒకే బుడ్డిలో రెండు ట్రయోడ్‌లు (దారం, గ్రిడ్, రేకు ఉన్న వాల్వులు) ఉన్నాయి. ఈఎల్84లో ‘ఎల్’ అంటే స్పీకరును నడిపే బలమున్న వాల్వు. ఈజడ్80లో ‘జడ్’ అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్. ఇవన్నీ ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కూడా తయారయ్యాయి. పాత ఫిలిప్స్, మర్ఫీ, బుష్ సెట్లు విప్పినప్పుడు ఆ గాజు మీద మన దేశపు ముద్ర కనబడితే మనసు నిండుతుంది.

ఉయ్యాల నుంచి రోకటి పోటు దాకా

ఉన్న శబ్దాన్ని పెంచడం వాల్వుకు తెలుసు. మరి లేని స్వరాన్ని ఎలా పుట్టిస్తుంది?

ఉయ్యాలను ఒకసారి తోసి వదిలేస్తే కాసేపు ఊగి ఆగిపోతుంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో వేలితో తాకితే మాత్రం ఎంతసేపైనా ఊగుతుంది. ఒక తీగచుట్టనూ ఒక కండెన్సర్‌నూ జతచేస్తే వాటి మధ్య కరెంటు అచ్చం ఇలాగే ఊగుతుంది. కండెన్సర్‌లో నిండిన విద్యుత్తు చుట్టలోకి పారుతుంది, చుట్ట దాన్ని మళ్ళీ కండెన్సర్‌లోకి నెడుతుంది. వాల్వు ఆ ఊపును కొంచెం తీసుకొని, పెంచి, సరైన క్షణంలో తిరిగి అందిస్తుంది. వేలితో తాకే పని వాల్వుది. ఉయ్యాల తాడు పొడవు మారితే ఊపు వేగం మారినట్టు, చుట్టలోని ఇనుప కడ్డీని కొంచెం లోపలికి తిప్పితే స్వరం కిందికి దిగుతుంది. సెకనుకు 440 సార్లు ఊగితే అది పాశ్చాత్యులు వాద్యాలన్నీ శ్రుతి చేసుకునే స్వరం.

ఒక కీబోర్డుకు 72 మెట్లుంటే ఇలాంటి ఉయ్యాలలు 72 కావాలా? అవసరం లేదు. మంద్ర స్థాయి షడ్జం పౌనఃపున్యం మధ్య స్థాయి షడ్జంలో సరిగ్గా సగం, తార స్థాయిది రెండింతలు. అందుకని పై స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలకు పన్నెండు ఉయ్యాలలు ఉంటే చాలు. మిగతావన్నీ వాటిని సగం, దానిలో సగం చేసుకుంటూ రావచ్చు.

సగం చేయడం ఎలాగో మన పాత ఇళ్ళలో దంపుడు చూసినవాళ్ళకు తెలుసు. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు మార్చి మార్చి దంచుతుంటారు. రోట్లో నిమిషానికి అరవై పోట్లు పడితే, ఒక్కొక్కరి రోకలి పడేది ముప్ఫైసార్లే. ఆర్గాన్‌లో రెండు వాల్వులు ఈ ఇద్దరిలా నిలబడతాయి. పైనుంచి ఒక తట్టు వస్తే మొదటిది వెలుగుతుంది, రెండోది ఆరుతుంది. ఇంకో తట్టుకు అటుదిటు అవుతుంది. రెండు తట్లకు ఒక చుట్టు. బయటికి వచ్చే పౌనఃపున్యం సగం. దాని కింద ఇంకో జత పెడితే నాలుగో వంతు. కంప్యూటర్లలో లెక్కింపుకు మూలమైన ఫ్లిప్-ఫ్లాప్ సర్క్యూటు ఇదే. ఎక్లెస్, జోర్డాన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు దీన్ని 1918లో కనిపెట్టారు.

ఈ సగంచేసే ఆలోచనను వేరొక రకం సర్క్యూటుతో భారీగా వాడుకొన్న వాద్యం హేమండ్ కంపెనీ 1939లో అమ్మకానికి పెట్టిన నోవాకార్డ్. 72 మెట్లు, 163 వాల్వులు. అప్పటి మనుషులు ఎన్నడూ వినని ధ్వనులు అందులోంచి వచ్చాయి. వెయ్యికి పైగా తయారయ్యాక యుద్ధకాలంలో ఆగిపోయింది. దాన్ని బాగుచేయడానికి పూనుకొనేవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుంటారు. మార్చాల్సిన విడిభాగాలే వేలల్లో ఉంటాయి మరి.

స్వరం పుట్టాక దానికి రంగు అద్దాలి. ఒకే శ్రుతిలో వేణువు, సన్నాయి, వీణ పలికినా చెవికి వేరుగా తెలుస్తాయి. కారణం ఆ మూల స్వరం మీద పేరుకొనే అతిస్వరాలు. వాల్వు ఆర్గాన్లు చాలామటుకు అతిస్వరాలు దండిగా ఉన్న గరుకు ధ్వనిని ముందు పుట్టించి, అక్కర్లేనివి ఫిల్టర్లతో తొలగిస్తాయి. శిల్పి రాయిని చెక్కే పద్ధతి అది. హేమండ్ ఆర్గాన్ దీనికి ఎదురు దారి పట్టింది. నునుపైన స్వరాలను ఒకదానిమీద ఒకటి పేర్చడం దాని పద్ధతి. తాంబాళంలో తంగేడు వరుస, దాని మీద గునుగు వరుస, ఆపైన బంతి వరుస పెట్టుకుంటూ బతుకమ్మను లేపినట్టు. మెట్ల పైన ఉండే తొమ్మిది లాగుడు పట్టీలు ఒక్కో వరుస ఎంత మందంగా ఉండాలో నిర్ణయిస్తాయి.

గడియారాల మనిషి చేసిన ఆర్గాన్

లారెన్స్ హేమండ్ సంగీత విద్వాంసుడు కాదు. షికాగోలో కరెంటు గడియారాలు తయారుచేసేవాడు. గోడ ప్లగ్గులో వచ్చే ఏసీ కరెంటు ఎన్నిసార్లు ఊగితే దానికి సరిగ్గా తగ్గట్టు తిరిగే సింక్రనస్ మోటారు ఆయన గడియారాలకు గుండె. ఆ మోటారుతోనే ఆర్గాన్ ఎందుకు చేయకూడదని ఆలోచించాడు. 1934లో పేటెంటు వచ్చింది, 1935లో వాద్యం జనం ముందుకు వచ్చింది. అందులో స్వరం పుట్టేది వాల్వుల్లో కాదు, అంచున గుబ్బలున్న 91 ఉక్కు చక్రాల్లో. ఒక్కో చక్రం పక్కన తీగ చుట్టిన అయస్కాంతం ఉంటుంది. గుబ్బ దగ్గరికి వచ్చి దూరమైనప్పుడల్లా తీగలో చిన్న విద్యుత్ అల లేస్తుంది. ఆ అలను పెంచి స్పీకరు దాకా చేర్చేవి వాల్వులు.

దీని లెక్క ఎంత అందంగా ఉంటుందో చూడండి. మోటారు సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది. 88 పళ్ళ చక్రం 64 పళ్ళ చక్రాన్ని తిప్పితే ఆ వేగం 27.5 చుట్లవుతుంది. ఆ ఇరుసు మీది స్వరచక్రానికి 16 గుబ్బలుంటే సెకనుకు 440 అలలు, తేడా లేకుండా. సి స్వరానికి 85, 104 పళ్ళ జత వాడారు. వచ్చేది 261.54, కావలసింది 261.63. ఏ చెవీ ఆ తేడా పట్టలేదు. కరెంటు ఊపు నిలకడగా ఉన్నంత కాలం ఈ ఆర్గాన్‌కు శ్రుతి చేసే అవసరమే రాదు.

తెలుగువాళ్ళకు ఈ వాద్యం మద్రాసు స్టూడియోల దారిలో పరిచయమైంది. ‘రోజులు మారాయి’ సంగీత దర్శకుడు మాస్టర్ వేణు, 1950ల తొలినాళ్ళలో విజయా వారి వాద్యబృందంలో హేమండ్ ఆర్గాన్ వాయించినవారిగా ఇప్పటికీ గుర్తున్నారు. వీణ, వేణువు, తబలా ఒక వైపు, గడియారాల మనిషి చేసిన చక్రాలు ఇంకో వైపు. ఆనాటి పాటల్లో ఎక్కడో ఒక నేపథ్య స్వరం ఊపిరి తీసుకోకుండా సాగుతుంటే, అది మనిషి ఊదింది కాకపోవచ్చు.

రామగుండం పట్టిన శ్రుతి

హేమండ్ ఆర్గాన్ తన శ్రుతిని తాను పెట్టుకోదు. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగితే దాన్నిబట్టి పలుకుతుంది. అమెరికాలో ఆ లెక్క 60, మన దేశంలో 50. అందుకే 50 హెర్ట్జ్ దేశాలకు కంపెనీ వేరుగా ఆర్గాన్లు తయారుచేసేది. అమెరికా ఆర్గాన్‌ను మన దగ్గరికి తెచ్చి, 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపిస్తే ఏమవుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చగలదు, ఊపులను మార్చలేదు. 440 పలకాల్సిన స్వరం 367 దగ్గర పలుకుతుంది. అంటే మూడు స్వరస్థానాలకు మించి కిందికి జారుతుంది. పైగా 60 హెర్ట్జ్‌కు కొలిచి చేసిన ఆర్గాన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో 50 దగ్గర అయస్కాంతత్వం అయిదో వంతు పెరిగి, అది వేడెక్కుతుంది. పౌనఃపున్యం మార్చే కన్వర్టరు లేకుండా అలాంటి వాద్యాన్ని మన ప్లగ్గుకు తగిలించకూడదు.

మరి మన 50 ఎక్కడిది? పెద్దపల్లి నుంచి బల్లార్షా వైపు వెళ్ళే రైలు ఎక్కితే కాసేపట్లోనే జవాబు కనిపిస్తుంది. రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చింది. 1983లో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలై, క్రమంగా ఆ కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లకు పెరిగింది. గోదావరిఖని గనుల నుంచి వచ్చిన బొగ్గు మండి, ఆవిరి లేచి, టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 50. ఆ చుట్లే తీగల వెంట పారి హైదరాబాదులోనైనా మద్రాసులోనైనా హేమండ్ మోటారును తిప్పుతాయి. ఒక కరెంటు సరఫరా గ్రిడ్‌లోని టర్బైన్లన్నీ ఒకే తాళంలో తిరగాలి. కోలాటంలో ఒక్కరు తప్పినా వలయం చెదిరినట్టే, ఒక్క జనరేటరు తాళం తప్పినా ప్రమాదమే.

కరెంటు వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే, బరువు లాగలేని ఎడ్లలా టర్బైన్లన్నీ కొంచెం నెమ్మదిస్తాయి. 2003లో గ్రిడ్ క్రమశిక్షణకు కొత్త చార్జీల పద్ధతి రాకముందు, దక్షిణాది గ్రిడ్ 49 కన్నా కిందికి దిగిన రోజులు తక్కువేమీ కావు. 48.5 దగ్గర హేమండ్ ఆర్గాన్ స్వరం సగం స్వరస్థానం మేర తగ్గుతుంది. పక్కన వేణువు వాయించేవాడికి చెవి కోసుకున్నట్టుంటుంది. వేసవిలో బావుల మీద మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఎక్కడో స్టూడియోలో ఒక రాగం శ్రుతి తప్పడం అనే సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. రైతు, గని కార్మికుడు, సంగీతకారుడు ముగ్గురూ ఒకే తీగకు కట్టుబడి ఉన్నారన్నమాట.

మా ప్రాంతం ఈ కథలో ఇంకోచోట కూడా వస్తుంది. దక్షిణాది, పడమటి గ్రిడ్‌లు వేర్వేరు తాళాల్లో నడిచే రోజుల్లో వాటిని నేరుగా కలపడం వీలయ్యేది కాదు. అందుకే 1990ల చివర రామగుండం లైనును చంద్రపూర్ వైపు గ్రిడ్‌తో కలపడానికి, భద్రావతి దగ్గర ఒక కేంద్రం కట్టారు. ఇటు ఏసీని డీసీగా మార్చి, మళ్ళీ అటువైపు తాళానికి తగ్గ ఏసీగా అందించే ఏర్పాటు అది. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే శ్రుతి. ఇప్పుడు ఆ శ్రుతి 49.9, 50.05 మధ్య ఉండాలన్నది నియమం. ఆ అంచున కూడా తేడా చెవికి అందదు.

ఏవి పాడవుతాయి, ఎందుకు

ఇక పని బల్ల దగ్గరికి వద్దాం. నేను మొదటిసారి అటక మీది రేడియో దించినప్పుడు ఆత్రం ఆపుకోలేక నేరుగా ప్లగ్గు పెట్టాను. రెక్టిఫయర్ వాల్వులో నీలి మెరుపు ఒకటి మెరిసింది, మైనం కాలిన వాసన గదంతా నిండింది. యాభై ఏళ్ళు నిద్రపోయినదాన్ని ఒక్క తోపుతో లేపాలనుకున్న తప్పు నాది. దాంతో నేర్చుకున్న పాఠమే ఈ వ్యాపకానికి మొదటి నియమం: పాత సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు.

వాల్వులు పాడైపోయి ఉంటాయని అందరూ అనుకుంటారు. నిజానికి అవి గట్టివి. ముందుగా చచ్చేవి కండెన్సర్లు. పాతకాలపు కండెన్సర్ అంటే రెండు రేకుల మధ్య కాగితం చుట్టి మైనంలో ముంచింది. ఏళ్ళ తరబడి వానకాలపు తేమ కాగితంలోకి చేరి, ఆపాల్సిన డీసీని కొద్దికొద్దిగా జారనిస్తుంది. ఎంత జారితే ముప్పు? ఒక వాల్వు రేకు మీద 100 వోల్టులు, తర్వాతి వాల్వు గ్రిడ్ దగ్గర 470 కిలో ఓముల నిరోధం ఉందనుకోండి. మధ్యలోని కండెన్సర్ నిరోధం 10 మెగా ఓములకు పడిపోతే, గ్రిడ్ మీదికి దాదాపు 4.5 వోల్టులు చేరతాయి. మైనస్ 7 వోల్టుల దగ్గర ఉండాల్సిన ఈఎల్84 గ్రిడ్ మైనస్ 2.5కు వస్తుంది. తూము షట్టరు మొత్తం లేచిపోయినట్టే. రేకు ఎర్రగా కాలి, వాల్వుతో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. కొన్ని రూపాయల కండెన్సర్ వల్ల ఎక్కడా దొరకని ట్రాన్స్‌ఫార్మర్ పోవడం ఈ విద్యలో అతి పెద్ద నష్టం.

ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలోని తడి ఎండిపోతుంది. కర్బన రెసిస్టర్ల విలువ ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది. రబ్బరు తొడుగున్న తీగలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతాయి. మెట్ల కిందున్న కాంటాక్టులు నల్లబడతాయి. దీనికి తోడు వాల్వులే పెద్ద పొయ్యి. ఒక ఈసీసీ83 దారం వేడికే దాదాపు 1.9 వాట్లు కావాలి. వంద వాల్వుల ఆర్గాన్‌లో ఆ లెక్క 190 వాట్లు. వేసవిలో 45 డిగ్రీలు దాటే మా ప్రాంతంలో ఆ పెట్టె లోపలి వేడి ఎంతో ఊహించండి. ఎక్కువ వోల్టేజీ ఉన్న చోటికి దుమ్ము కూడా తనంతట తాను చేరుతుంది. గాలి ఆడే దారులు శుభ్రంగా ఉంచడం కూడా బాగుచేయడంలో భాగమే.

హేమండ్ చక్రాల సంగతి వేరు. వాటికి కావలసింది నూనె. పైనున్న తొట్టిలో నూనె పోస్తే నూలు పోగులు దాన్ని పీల్చుకొని ఒక్కో ఇరుసుకూ చేరుస్తాయి. ప్రమిదలో వత్తి నూనె పీల్చే కేశనాళికీయతే ఇక్కడా పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి నూనె వేయని ఆర్గాన్‌లో మోటారు బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు నూనె వేసి, పోగులు నానేదాకా రోజుల తరబడి ఓపిక పట్టడమే మందు.

సిరీస్ బల్బు చెప్పే మాట

పాత దాన్ని మేల్కొలపడానికి మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన పనిముట్టే చాలు: సిరీస్ బోర్డు. సెట్టుకు వెళ్ళే కరెంటు దారిలో ఒక 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెడతాం. ఆ బల్బు చల్లగా ఉన్నప్పుడు నిరోధం 40 ఓముల చుట్టుపక్కల ఉంటుంది, పూర్తిగా వెలిగితే 529 ఓములు. సెట్టు బాగుంటే బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తుంది. లోపల షార్టు ఉంటే ధగధగా వెలుగుతూనే ఉంటుంది, అలా వెలుగుతూనే కరెంటును అడ్డుకొని సెట్టును కాపాడుతుంది. ఎల్ఈడీ బల్బుకు ఈ గుణం లేదు. దారం బల్బే కావాలి.

అంతకు ముందు ప్లగ్గు లేకుండానే చేయాల్సిన పని చాలా ఉంది. పెట్టె తెరిచి నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. ఎలుకల గూళ్ళు తీసేయాలి. ఏ తీగ ఎక్కడిదో రాసుకోవాలి. మైనం కండెన్సర్లను ఒక్కొక్కటిగా తీసి 630 వోల్టుల పాలిస్టర్ రకం వేయాలి. ఒకటి తీసి, ఒకటి వేసి, టిక్కు పెట్టుకున్నాకే రెండోదానికి వెళ్ళాలి. అన్నీ ఒకేసారి పీకితే తిరిగి కట్టడం ఎవరి వల్లా కాదు. కరీంనగర్ వెండి తీగపని చేసేవారి ఓపిక ఇక్కడ కావాలి. టంకం ఎక్కువైనా తక్కువైనా పని చెడుతుంది. విడిభాగాలకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

ప్రాణం గురించి ఒక మాట. ప్లగ్గు తీసేసినా కండెన్సర్‌లో విద్యుత్తు మిగులుతుంది. 350 వోల్టులతో నిండిన 50 మైక్రోఫారడ్‌లలో దాదాపు 3 జౌళ్ళ శక్తి దాగి ఉంటుంది. 10 కిలో ఓముల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు ఆనించి ఖాళీ చేశాక, మీటరుతో కొలిచి చూశాకే చేయి పెట్టాలి. కరెంటున్నప్పుడు కొలతలు తీస్తే ఒక చేయి జేబులోనే ఉండాలి. గుండె మీదుగా దారి దొరకకూడదన్నది దాని అర్థం. ట్రాన్స్‌ఫార్మర్ లేని కొన్ని పాత సెట్లలో ఛాసిస్‌కే మెయిన్స్ తగిలి ఉంటుంది. వాటిని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకూడదు. ఇవన్నీ తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోవలసినవి.

హమ్ములో జబ్బు వినడం

సెట్టు మేల్కొన్నాక అది చేసే మొదటి శబ్దం హమ్ము. వైద్యుడు నాడి పట్టినట్టు దాన్ని వినాలి. రెక్టిఫయర్ ఏసీలోని రెండు అర్ధభాగాలనూ వాడుకొంటుంది కాబట్టి, వడపోత కండెన్సర్లు ఎండిపోతే వచ్చే హమ్ము 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. వాల్వు లోపల దారానికీ, అది వేడిచేసే కాథోడ్‌కూ మధ్య లీకు ఉంటే హమ్ము 50 హెర్ట్జ్‌లో, ఒక స్థాయి కింద పలుకుతుంది. జీర ఎక్కడ పుట్టిందో దాని స్థాయే చెబుతుంది.

ఒకసారి హార్మోనియం పక్కన పెట్టుకుని పోల్చి చూశాను. 100 హెర్ట్జ్ హమ్ము ఐదు శ్రుతికి కాస్త పైన పలికింది. ఐదో తెల్లమెట్టు మంద్రంలో 98, ఆ పై నల్లమెట్టు దాదాపు 104. వాటి నడుమ, ఐదుకు దగ్గరగా కరెంటు కూర్చుంది. మన దేశంలో ప్రతి ట్రాన్స్‌ఫార్మర్, ప్రతి పాత ట్యూబులైటు చోకు పాడేది ఈ శ్రుతిలోనే. అంతవరకు చెవిని విసిగించే మోతగా విన్నదాంట్లో ఆ రోజు మొదటిసారి స్వరం వినిపించింది.

వాల్వు ఉయ్యాలలున్న ఆర్గాన్ ఐతే చివరి పని శ్రుతి చేయడం. ఇక్కడ మీటరు కన్నా చెవే గొప్పది. 440 హెర్ట్జ్ స్వరం, 442 హెర్ట్జ్ స్వరం కలిపి పలికిస్తే ధ్వని సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. పాఠ్యపుస్తకాల్లో విస్పందనాలు అని చదువుకున్నవి ఇవే. చుట్టలోని కడ్డీని వెంట్రుకవాసి తిప్పుతుంటే ఆ ఊపు నెమ్మదిస్తుంది. సెకనుకు ఒకటి, రెండు సెకన్లకు ఒకటి, ఐదు సెకన్లకు ఒకటి. ఒక క్షణాన ఆగిపోతుంది. ఇలా పన్నెండింటిని సరిచేస్తే కింది స్థాయులన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి, రోకళ్ళు రెండూ ఒకే రోటి లెక్కకు కట్టుబడ్డట్టు.

కొత్తదనం కాదు, కొనసాగింపు

ఈ విద్యలో ఒక ధర్మసందేహం ఎప్పుడూ ఉంటుంది. హేమండ్ ఆర్గాన్ల ఫిల్టర్ కండెన్సర్ల విలువ ఏళ్ళ మీద మారి ధ్వని మసకబారుతుంది. మారిస్తే కొత్తప్పటి వెలుగు తిరిగి వస్తుంది. కొందరికి ఆ మసకే ఇష్టం. వాళ్ళు పెరిగింది ఆ ధ్వని వింటూ. రెండూ సబబే. నా మట్టుకు ఒక పద్ధతి పెట్టుకున్నాను: ప్రాణానికి, వాద్యానికి ముప్పు తెచ్చేవి తప్పక మార్చాలి. కేవలం ముసలివైనవాటిని కదపకూడదు. తీసిన ప్రతి భాగాన్నీ ఒక డబ్బాలో వేసి, ఏ తేదీన ఎందుకు తీశామో చీటీ రాసి, పెట్టె లోపలే ఉంచాలి. ఇంకో యాభై ఏళ్ళ తర్వాత దాన్ని విప్పేవారికి మనం రాసిన ఉత్తరం అది.

ఫోనులో వేల వాద్యాలు ఉచితంగా పలుకుతున్న కాలంలో ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి నా జవాబు ఒక్కటే. ఫోనులో స్వరం ఎక్కడ పుట్టిందో చూపించలేను. ఈ పెట్టెలో చూపించగలను. ఇదిగో ఈ చుట్ట, ఈ కండెన్సర్, ఎర్రగా వెలిగే ఈ బుడ్డి కలిసి పంచమం అవుతాయి. ఇది తీస్తే పంచమం పోతుంది, పెడితే వస్తుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో చదువుకున్న పిల్లవాడు ఇక్కడ దాన్ని చేత్తో తిప్పి వినగలడు. మా ఇంటికి వచ్చిన బడి పిల్లలకు నేను ముందు చూపించేది అదే. గదిలో దీపాలు ఆర్పి, వాల్వులు వేడెక్కేదాకా అరనిమిషం నిశ్శబ్దంగా ఉండమంటాను. ముందు ఎరుపు వెలుగు వస్తుంది, దాని వెనకే లోతుగా హమ్ము వస్తుంది. ఆ శబ్దం ఎక్కడిదని అడుగుతారు. కిటికీ తెరిచి రామగుండం వైపు చేయి చూపిస్తాను.